మామిడాకు నుంచి మాంజిఫెరిన్: తోపు గట్టు నుంచి టెస్ట్‌ట్యూబు దాకా

జూలై ఆఖరుకల్లా చిత్తూరు వైపు దామలచెరువు చుట్టుపక్కల తోపుల్లో కాయ కోత అయిపోతుంది. తోతాపురి రకం మామిడి లారీలెక్కి గుజ్జు ఫ్యాక్టరీలకు పోయాక కొమ్మల కత్తిరింపు మొదలవుతుంది. గట్టు మీద నడుమెత్తు ఆకుల కుప్పలు పడతాయి. 2025లో తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు చేతి నుంచి ఇవ్వాల్సి వచ్చిన ఏడు, మా చిన్నాయన ఆ కుప్పను చూపించి అడిగాడు: "కాయకైతే ధర లేకపోయె. ఈ ఆకులో ఏదో మందుందంట కదరా, దీన్నన్నా అమ్ముకోవచ్చా? పోనీ కాచుకుని తాగితే నా షుగరు మాత్రలన్నా నిలిపేయొచ్చా?"

ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. తిరుపతిలో నేను ఫార్మసీ పిల్లలకు పాఠం చెబుతాను. ప్రాజెక్టు సమయానికి ఏటా ఒక బ్యాచ్ అయినా మామిడాకు పట్టుకొస్తుంది. వాళ్ళకు చెప్పేదీ, చిన్నాయనకు చెప్పిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ల్యాబ్ ఉన్నవాళ్ళు అన్ని అడుగులూ వేయొచ్చు. లేనివాళ్ళు మూడో అడుగు దాకా వచ్చి, అక్కడి నుంచి ఆరో అడుగులోని ఇనుప మేకు పరీక్షకూ, చివర్లో కషాయం సంగతికీ వెళ్ళిపోండి.

ఆకులో వెతికేది ఏమిటి

ప్రధానంగా మాంజిఫెరిన్. మామిడి శాస్త్రీయ నామమైన మాంజిఫెరా ఇండికా నుంచే ఆ పేరు వచ్చింది. శుద్ధి చేస్తే లేత పసుపు పొడి. క్సాంథోన్ల కుటుంబానికి చెందింది: ఒకదానికొకటి అతుక్కున్న మూడు వలయాలు, వాటి మీద నాలుగు హైడ్రాక్సిల్ గుంపులు, పక్కన ఒక గ్లూకోజు. అణుభారం సుమారు 422.

ఆ గ్లూకోజు అతుక్కున్న తీరు గమనించాలి. మొక్కల్లోని ఇలాంటి చాలా పదార్థాల్లో చక్కెర ఆక్సిజన్ మీదుగా అతుక్కుంటుంది, యాసిడ్‌లో మరిగిస్తే ఊడిపోతుంది. మాంజిఫెరిన్‌లో అది నేరుగా కార్బన్‌ను పట్టుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లానికి అది లొంగదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా విడదీయాల్సిందే. నోటి ద్వారా తీసుకున్నది రక్తంలోకి చాలా తక్కువ చేరడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఎలుకల్లో చూసిన లెక్క ఒకటి రెండు శాతం దగ్గరే ఉంది.

దీనితో పాటు గాలిక్ ఆమ్లం, గాలోటానిన్లు, క్వెర్సెటిన్ గ్లైకోసైడ్లు ఉంటాయి. లేతాకు నలిపితే వచ్చే పచ్చిమామిడి వాసన టెర్పీన్లది, ఎండబెట్టేసరికే అందులో కొంత గాలికి పోతుంది. నమిలితే నాలుక పట్టేసే వగరు టానిన్లది. మా అవ్వ మామిడాకు మడిచి పళ్ళు తోముకునేది. ఆ వగరు చిగుళ్ళను బిగపడుతుందని తనకు తెలుసు, దాని పేరొక్కటే తెలియదు.

మొదటి అడుగు: ఆకు ఎంచుకోవడం

పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త సాగదీసి చెబుతున్నాను.

లేతాకులో మాంజిఫెరిన్, మిగతా ఫినాలిక్ పదార్థాలూ (పైన చెప్పిన గాలిక్ ఆమ్లం, టానిన్ల లాంటివి) ముదురాకులో కంటే ఎక్కువ. అలాగని కొత్త చిగురంతా దూసుకొస్తే చెట్టు ఊరుకోదు. కోత తర్వాత వానలకు వచ్చే చిగురే ముదిరి, చలికాలంలో పూత కట్టాల్సిన రెమ్మ అవుతుంది. ఆ చిగురు దూస్తే వచ్చే ఏటి కాయ దూసినట్టే. కాబట్టి కత్తిరింపులో పడ్డ కొమ్మల నుంచి, అదే రోజు, కొసన ఉన్న నాలుగైదు ఆకులు తీసుకోండి. మరీ రాగిరంగు చిగురు కాకుండా, లేత ఆకుపచ్చకు తిరిగి ఇంకా మెత్తగా ఉన్నవి పనికి బాగుంటాయి.

డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ ఆలోచనే పెట్టుకోవద్దు. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు, బూడిద తెగులుకు గంధకం చల్లుతారు. నా మొదటి ప్రయత్నం జనవరిలో చేశాను. ఆకు చూడముచ్చటగా ఉంది, సారం కూడా బాగానే దిగింది. తీరా పరీక్షల్లో ఒకదానికొకటి పొంతన లేని ఫలితాలు. తోపు కౌలుదారును అడిగితే, "పది దినాలయింది సార్, రెండు మందులు కలిపి కొట్టినాము" అన్నాడు. నెల పని డ్రెయినేజీ పాలు. అప్పటి నుంచి ఆఖరిసారి ఏ మందు, ఏ తేదీన కొట్టారో అడిగి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోకుండా ఆకు కోయను.

మసి పట్టినట్టు నల్లపొర ఉన్న ఆకులు వదిలేయండి. పురుగు విసర్జించిన తీపి జిగురు మీద పెరిగిన బూజు అది. హైవే పక్కన దుమ్ము కొట్టుకుపోయిన చెట్లూ, క్వారీల దగ్గరి తోపులూ వద్దు. ఏ రకమో కూడా రాసుకోండి. తోతాపురి, నీలం, బేనీషా, ఖాదర్ అన్నీ ఒక్కటి కావు. రకాన్నిబట్టీ ఆకు వయసునుబట్టీ మాంజిఫెరిన్ చాలా తేడాగా ఉంటుంది. ప్రాజెక్టు అయితే పువ్వో కాయో ఉన్న రెమ్మను కాగితాల మధ్య నొక్కి హెర్బేరియం షీటు చేసి, వృక్షశాస్త్రం వాళ్ళ చేత గుర్తింపు సంతకం పెట్టించుకోండి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదట అడిగేది అదే.

కొమ్మ తుంచేటప్పుడు కారే సొన చర్మానికి తగలనివ్వద్దు. మామిడి జీడిపప్పు కుటుంబపు చెట్టు. సొనలోని రిసార్సినాల్ రకం పదార్థాలు కొందరికి బొబ్బలు తెప్పిస్తాయి. జీడి పిక్కలో, నల్లజీడిలో ఉండేవీ వీటికి చుట్టాలే. అవి పడనివాళ్ళు గ్లౌజులు లేకుండా ఈ పనికి దిగొద్దు.

రెండో అడుగు: కడగడం, ఆరబెట్టడం

రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, గుడ్డ మీద పరిచి తడి ఆరనివ్వండి. ఆ తర్వాత నీడలో, ఫ్యాను కింద, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. ఎండలో వేస్తే త్వరగా ఎండుతుంది కదా అనిపిస్తుంది. తిరుపతి ఎండకు ఒక్క రోజు చాలు కూడా. కానీ నలిగిన చోటల్లా ఆకులోని ఎంజైము ఫినాలిక్ పదార్థాలను గోధుమరంగు చేసేస్తుంది. కోసిన వంకాయ నల్లబడేది ఇలాగే. తొందర ఉంటే ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టించి ఆరబెట్టండి. వేడికి ఎంజైము పని ఆగిపోతుంది, ఆకు పచ్చగానే ఎండుతుంది.

వానలు లేకపోతే వారం రోజులు పడుతుంది. మడిస్తే వంగకుండా పుటుక్కున విరిగితే ఎండినట్టు. కిలో పచ్చాకుకు నాకు మూడో వంతు పైచిలుకు ఎండాకు వస్తుంటుంది, మరీ లేతదైతే ఇంకా తగ్గుతుంది.

మూడో అడుగు: పొడి

మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, వేడెక్కనివ్వద్దు. రవ్వ జల్లెడ పట్టండి. మరీ మెత్తగా, మైదాలా చేస్తే తర్వాత వడపోత కాగితం మూసుకుపోయి సాయంత్రమంతా చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. గాలి చొరని గోధుమరంగు సీసాలో పోసి రకం, తేదీ రాయండి.

నాలుగో అడుగు: సారం తీయడం

దేంట్లో నానబెట్టాలి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. శుద్ధమైన మాంజిఫెరిన్ చల్లటి నీళ్ళలో మి.లీ.కు 0.1 మి.గ్రా. దగ్గర మాత్రమే కరుగుతుంది. నీళ్ళు లేని ఆల్కహాలు కూడా దాన్ని సరిగా లాగలేదు, గ్లూకోజు భాగం నీళ్ళను కోరుకుంటుంది. రెండూ కలిపిన 50 నుంచి 70 శాతం ఇథనాల్ బాగా పనిచేస్తుంది. నేను 60 శాతం వాడతాను. కాలేజీ ల్యాబుల్లో మిథనాల్ సులువుగా దొరుకుతుందని దాంతో చేసేస్తుంటారు. చేయొచ్చు, కానీ అది కళ్ళు పోగొట్టే విషం. దానితో తీసిన సారం పరీక్షలకే పరిమితం, నాలుక దరిదాపులకు కూడా రాకూడదు. దుకాణంలో దొరికే స్పిరిటు అసలు వద్దు, అందులో ఏం కలిపారో తెలియదు.

500 మి.లీ. ద్రావణానికి 95 శాతం ఇథనాల్ 315 మి.లీ. కొలిచి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో 500 గీతకు తీసుకురండి. 50 గ్రా. పొడిని అందులో వేసి, 60 డిగ్రీల వాటర్ బాత్‌లో గంటసేపు, నడుమ నడుమ కలుపుతూ ఉంచండి. గుడ్డతో ఒకసారి, వడపోత కాగితంతో ఒకసారి వడగట్టండి. మిగిలిన పిప్పికి ఇంకో 300 మి.లీ. అదే ద్రావణం పోసి మళ్ళీ గంట. రెండు వడపోతలూ కలిపేయండి. మూడోసారి కూడా కొంత వస్తుంది గానీ, దాన్ని ఆవిరి చేసే కష్టానికి గిట్టదు.

60 శాతం అయినా ఆల్కహాలు ఆల్కహాలే, అంటుకుంటుంది. స్టవ్ మంట, బన్సెన్ బర్నరు గదిలోనే ఉండకూడదు. కిటికీలు తెరిచి పెట్టండి. వంటింట్లో ఈ అడుగు వేయొద్దని చెప్పడానికి ఇదొక్క కారణం చాలు.

పత్రహరితం, మైనం ఎక్కువగా వచ్చి సారం బంకలా ఉంటే, ఈ అడుగుకు ముందే పొడిని హెక్సేన్‌తో ఒకసారి కడిగి ఆరబెట్టండి. ఆకుపచ్చ చాలావరకు దాంట్లోకి పోతుంది, మాంజిఫెరిన్ పొడిలోనే ఉండిపోతుంది. హెక్సేన్ ఇథనాల్ కంటే తొందరగా అంటుకుంటుంది, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకపోతే వదిలేయండి.

ఐదో అడుగు: చిక్కబరచడం, పసుపు మడ్డి దింపడం

గాలి ఒత్తిడి తగ్గించి ద్రావకాన్ని ఆవిరి చేసే రోటరీ ఇవాపొరేటర్ ఉంటే 50 డిగ్రీల దగ్గర ఆల్కహాలు తీసేయండి. లేకపోతే వెడల్పు పింగాణీ గిన్నెలో వాటర్ బాత్ మీద. ఆల్కహాలు పోయేకొద్దీ ద్రవం మబ్బుగా మారుతుంది. ఇంకా నీళ్ళుండగానే ఆపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి.

పొద్దున తీసి చూస్తే పైన టీ డికాక్షన్ రంగు నీళ్ళు, అడుగున బూడిద కలిసిన పసుపు మడ్డి. మొదటిసారి చూసిన పిల్లలు పాడైపోయిందనుకుని పారబోయబోతారు. మనకు కావాల్సింది ఆ మడ్డిలోనే ఎక్కువగా ఉంది. పైనీళ్ళు మెల్లగా వంచి, మడ్డిని చల్లటి నీళ్ళతో ఒకసారి కడిగి, నీళ్ళు కలిపిన వేడి ఇథనాల్‌లో కరిగించి, వేడి మీదే వడగట్టి, మళ్ళీ చల్లారనివ్వండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే రంగు తేటపడి లేత పసుపుకు వస్తుంది. ప్రతిసారీ కొంత పోతుంది, ఓర్చుకోవాలి.

శుద్ధి అక్కర్లేదు, మొత్తం సారమే చాలు అనుకుంటే ఫ్రిజ్ దాకా పోకుండా పూర్తిగా ఎండబెట్టండి. 50 గ్రా. పొడికి నాకు 9, 10 గ్రా. ముడిసారం వస్తుంటుంది. అది తేమ పీల్చి బంక అవుతుంది కాబట్టి తేమ తగలనివ్వని డెసికేటర్ పాత్రలో పెట్టండి.

ఆరో అడుగు: ఉందో లేదో తేల్చుకోవడం

ఇంట్లోనే చేయదగ్గ పరీక్షతో మొదలుపెడదాం. గుప్పెడు మామిడాకు ముక్కలు గ్లాసు నీళ్ళలో పది నిమిషాలు మరిగించి వడగట్టండి. తేనె రంగులో ఉంటుంది. అందులో తుప్పు పట్టిన ఇనుప మేకు ఒకటి వేసి వదిలేయండి. ముందు మేకు చుట్టూ సన్నటి నల్లపొగలా లేస్తుంది. మధ్యాహ్నానికి గ్లాసంతా సిరా. మాంజిఫెరిన్, గాలోటానిన్లు ఇనుమును పట్టేసుకున్న రంగు అది. ల్యాబ్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కతో చేసేదీ ఇదే. శుద్ధ మాంజిఫెరిన్‌కు ముదురు ఆకుపచ్చ వస్తుంది, ముడిసారానికి టానిన్లు కలిసి నీలినలుపు.

ఈ రంగు ఇంకో సంగతీ చెబుతుంది. ఇనుమును గ్లాసులో పట్టుకున్నది పేగులోనూ పట్టుకుంటుంది. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వేసుకునే ఆడవాళ్ళు ఈ కషాయాన్ని మాత్రతోనో అన్నంతోనో కలిపి తాగితే మాత్ర దండగ. టీ విషయంలో డాక్టర్లు చెప్పే జాగ్రత్తే ఇది.

తర్వాత టీఎల్‌సీ, అంటే సారంలోని పదార్థాలను పలక మీద విడదీసి చూసే పరీక్ష. దాని కోసం సిలికా జెల్ ప్లేటు, ఇథైల్ అసిటేట్, ఫార్మిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం, నీళ్ళు 100:11:11:26 నిష్పత్తిలో. పక్కనే మాంజిఫెరిన్ స్టాండర్డ్ (పోల్చి చూడటానికి కొన్న శుద్ధ పదార్థం) చుక్క పెట్టి, 366 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద రెండూ ఒకే ఎత్తులో, ఒకే రంగులో మెరుస్తున్నాయా చూడండి. స్టాండర్డ్ లేకుండా "మాంజిఫెరిన్ వచ్చింది" అని రిపోర్టులో రాస్తే నేను ఒప్పుకోను. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 240, 258, 318, 366 నానోమీటర్ల ప్రాంతాల్లో నాలుగు శిఖరాలు కనబడితే శుద్ధి బాగానే జరిగినట్టు. ఎంత ఉందో తేల్చాలంటే, పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం తప్పదు. సీ18 కాలమ్, 258 నానోమీటర్లు.

యాంటీఆక్సిడెంట్ గుణం చూడటానికి చేసే డీపీపీహెచ్ పరీక్ష గురించి ఒక మాట. ఊదారంగు ద్రావణంలో సారం వేస్తే పసుపుకు తిరుగుతుంది, 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. చూడటానికి భలే ఉంటుంది, ఫోటోకి బాగుంటుంది. దాని మీద "శక్తిమంతమైన యాంటీఆక్సిడెంట్, క్యాన్సర్‌కు మందు" అని ముగింపు రాసేస్తారు. అదే పరీక్షలో మన క్యాంటీన్ టీ కూడా ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. ఆ రంగు మారడం సీసాలో జరిగింది, శరీరంలో కాదు.

ఏడో అడుగు: ఫలితాన్ని మందుగా చదవొచ్చా

పిండిపదార్థాలను చక్కెరగా విడగొట్టే ఆల్ఫా గ్లూకోసిడేజ్ ఎంజైమును మాంజిఫెరిన్ గాజు గొట్టంలో అడ్డుకుంటుంది. షుగరు తెప్పించిన ఎలుకల్లో రక్తంలో చక్కెర తగ్గించినట్టు చాలాచోట్ల చూశారు. వాపు, కొవ్వు, కాలేయం విషయాల్లోనూ జంతువుల మీద మంచి ఫలితాలున్నాయి. క్యూబాలో మామిడి బెరడు నీటిసారాన్ని వీమాంగ్ పేరుతో వాడతారు. అది ఆకు కాదు, బెరడు. రెండింటినీ కలిపేసి రాయొద్దు.

మనుషుల మీద జరిగినవి తక్కువ. 2015లో వచ్చిన ఒక చైనా అధ్యయనంలో బరువెక్కువై కొవ్వు పెరిగినవాళ్ళకు రోజుకు 150 మి.గ్రా. మాంజిఫెరిన్ 12 వారాలు ఇచ్చారు. ట్రైగ్లిసరైడ్లు తగ్గాయి. రక్తంలో చక్కెర మాత్రం చెప్పుకోదగ్గంతగా మారలేదు.

ఇప్పుడు చిన్నాయన గ్లాసు లెక్క వేద్దాం. చల్లారిన 200 మి.లీ. నీళ్ళలో శుద్ధ మాంజిఫెరిన్ కరిగి ఉండగలిగింది 20 మి.గ్రా. దగ్గర. మిగతా పదార్థాల తోడుతో కషాయంలో ఇంకొంచెం ఎక్కువ ఉన్నా, అధ్యయనంలో ఇచ్చినంత రావాలంటే చెంబులకు చెంబులు తాగాలి. అంత మాంజిఫెరిన్ ఇచ్చినా ఆ అధ్యయనంలో చక్కెర దిగలేదు. "చిన్నాయనా, మాత్ర నిలపొద్దు. ఆకునీళ్ళు తాగాలని అంత మోజుగా ఉంటే డాక్టరుకు చెప్పి తాగు" అన్నాను. "ఇంత చదివింది ఈ మాట చెప్పడానికా" అని నవ్వాడు. మాత్ర మాత్రం నిలపలేదు.

శరీరం క్సాంథోన్లను ఏం చేస్తుందో మన దేశంలో ఒకప్పుడు రంగు వ్యాపారమే చూపించింది. బీహార్‌లో ముంగేర్ దగ్గర మీర్జాపూర్ అనే ఊళ్ళో ఆవులకు మామిడాకూ నీళ్ళూ మాత్రమే పెట్టి, వాటి మూత్రాన్ని కాచి పియూరి అనే పసుపు రంగు చేసేవారని 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ రాశారు. ఐరోపా చిత్రకారులు దాన్ని ఇండియన్ ఎల్లో అనేవారు. అందులోని రంగు యూక్సాంథిక్ ఆమ్లం, అది కూడా క్సాంథోన్ సంతతే. వచ్చినదానికి ఇంకో ముక్క తగిలించి మూత్రంలో బయటికి తోసేస్తుంది శరీరం. ఆ ఆవులు బక్కచిక్కి ఉండేవని కూడా ఆయనే రాశారు. కత్తిరింపు ఆకును పశువులకు వేసేవాళ్ళు రోజూ అదే మేతగా పెట్టొద్దు.

ఇంట్లో కషాయం, ఎవరు తాగొద్దు

ఆయుర్వేదంలో మామిడాకు పంచపల్లవాల్లో ఒకటి. మిగతావి నేరేడు, వెలగ, మాదీఫలం, మారేడు. వగరు గుణం కోసం వాడేవి. నోరు పుక్కిలించడానికి మందు కొట్టని చెట్టువి ఐదారు లేతాకులు గ్లాసున్నర నీళ్ళలో గ్లాసు అయ్యేదాకా మరిగించి, గోరువెచ్చగా వాడుకోవచ్చు. చిగుళ్ళకు హాయిగా ఉంటుంది. నేను నిర్భయంగా చెప్పగలిగిన వాడకం ఇదొక్కటే. లోపలికి మందుగా తీసుకోవాలంటే ఆయుర్వేద వైద్యుణ్ణి అడగండి. అలిపిరి వైపు వెళ్తే ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉండనే ఉంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు వద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా తాగొద్దు. ముడిసారాన్ని క్యాప్సూల్లో నింపుకుని మింగడం ఎవరికీ వద్దు. 

అమ్మాలనుకుంటే

ఎండాకుగా, ముడిసరుకుగా అమ్మితే ఒక దారి. దాన్ని మందు అన్నారంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద ఆయుష్ లైసెన్సు కావాలి. టీ పొడిలా ఆహారంగా అమ్మితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి. ప్యాకెట్టు మీదో వాట్సాప్‌లోనో "షుగరు తగ్గిస్తుంది" అని రాశారంటే మందుల అభ్యంతరకర ప్రకటనలను ఆపే 1954 నాటి చట్టం అడ్డొస్తుంది. ఆ చట్టం జాబితాలో మధుమేహం పేరుపెట్టి ఉంది. కొనేవాళ్ళు ముందు అడిగేది పురుగుమందు అవశేషాల రిపోర్టు, ఆ తర్వాత మాంజిఫెరిన్ శాతం. రెండూ కాగితం మీద చూపించలేకపోతే మండీలో కాయకు పలికిన ధరే ఆకుకూ పలుకుతుంది.

ల్యాబ్‌లో మిగిలిన పిప్పిలో ఆల్కహాలు పూర్తిగా ఆరేదాకా ఆరుబయట నీడలో పరవండి. హెక్సేన్, మిథనాల్ తగిలినదైతే ల్యాబ్ వ్యర్థాల డబ్బాలోకే. ఇథనాల్ పిప్పిని మాత్రం నేను సంచిలో కట్టి దామలచెరువు బస్సెక్కించుకుని పోయి పేడదిబ్బలో కలిపేస్తాను. టానిన్ల వల్ల మెల్లగా మురుగుతుంది. మళ్ళీ కోత నాటికి పాదుల్లో వేయడానికి తయారవుతుంది.